పదిహేనేళ్లు ఉంచుకునే ఫోర్-వీల్ పికప్‌ను ఎలా ఎంచుకోవాలి?

నా దుకాణం నర్సీపట్నంలో, పని మాత్రం ఎక్కువగా కొండమీద. చింతపల్లి, జి.మాడుగుల వైపు ఊళ్లకు సోలార్ పంపుసెట్లు తీసుకెళ్లి బిగిస్తాను. లంబసింగి ఘాట్ ఏ బండయినా ఎక్కుతుంది. తారు వదిలి ఎర్రమట్టి దారిలోకి దిగాకే, అదీ శ్రావణమాసపు వానల్లో, బండికీ బండికీ తేడా తెలుస్తుంది. పికప్ కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది "ఏ కంపెనీదండీ?" అని. "ఆగిపోతే దాన్ని ఎవరు బాగుచేస్తారు?" అని నేను ఎదురు అడుగుతాను. పదిహేనేళ్ల లెక్కలో ఇంజిన్ బలం కన్నా ఆ జవాబే ముఖ్యం.

అంతకన్నా ముందు, ఫోర్-వీల్ మీకు నిజంగా కావాలా? పొలం గట్టు మీద ఏడాదికి రెండుసార్లు బురద తగులుతుందంటే మంచి టైర్లు, ఒక తాడు, పక్క పొలంలో ట్రాక్టర్ చాలు. ఫోర్-వీల్ అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లడం. దానికి అదనంగా ఒక ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), ముందు యాక్సిళ్లు కావాలి. వాటికి నూనె, సీళ్లు, రబ్బరు బూట్లు ఉంటాయి. అవన్నీ పోషించాలి. బరువుతో నిటారు మట్టిదారి ఎక్కీ దిగీ తిరిగేవారికి మాత్రం '4-లో' గేరు (నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పేది) ఉన్న బండి తప్ప మరొకటి పనికిరాదు. బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజినే బండిని పట్టి దింపుతుంది. ఎక్కడం అందరూ చూస్తారు గానీ, నా దృష్టిలో '4-లో' అసలు విలువ దిగేటప్పుడే.

మన దగ్గర దొరికే పికప్‌లలో ఉండేది పార్ట్‌టైమ్ ఫోర్-వీల్, అంటే కావాల్సినప్పుడు మాత్రమే వేసుకునేది. లివర్ వేసినా, నాబ్ తిప్పినా ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా ముడిపడతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కదా. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలు లేదు, ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అందుకే పాత బండి యజమాని "హైవే మీద గ్రిప్ కోసం ఎప్పుడూ ఫోర్‌లోనే నడుపుతానండీ" అని గొప్పగా చెబితే, టీ తాగి వచ్చేయండి.

ఎంచుకోవడానికి ఉన్నవి ఎక్కువేమీ లేవు. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, 2016లో వచ్చింది. మొదట 2.5 లీటర్ల డీజిల్, ఇప్పుడు 1.9 లీటర్లు, 163 హార్స్‌పవర్. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది; 2.8 లీటర్లు, 204 హార్స్‌పవర్. ఆన్‌రోడ్ ధర ముప్పై లక్షలు దాటుతుంది. కానీ ఆ ఇంజిన్ ఫార్చ్యూనర్‌లో ఉన్నదే, కాబట్టి దాన్ని విప్పి బిగించిన చేతులు ప్రతి జిల్లాలోనూ దొరుకుతాయి. మూడోది మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్-వీల్. సుఖం అడగవద్దు, వేగం అసలే అడగవద్దు. దాని సామాను మాత్రం మండల కేంద్రంలోని దుకాణంలోనూ దొరుకుతుంది. రోజూ బరువు మోసి, బండి ఆగితే ఆ రోజు కూలి పోయే మనిషికి నేను క్యాంపరే చెబుతాను. కుటుంబాన్ని కూడా అందులోనే తిప్పాలంటే వి-క్రాస్. దాని సర్వీసుకు మాలాంటివారు విశాఖ దాకా వెళ్లాలి, ఆ రోజును ముందే లెక్కలో వేసుకోండి. డబ్బుకు వెనకాడనివారికి హైలక్స్.

టేపు తీసుకుని షోరూమ్‌కి వెళ్లండి. డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) పికప్‌ల తొట్టి పొడవు ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నా ప్యానెళ్లు రెండు మీటర్లకు పైనే. వెనుక తలుపు దించి కట్టాల్సిందే. వి-క్రాస్, హైలక్స్‌ల పొడవేమో అయిదు మీటర్లు దాటుతుంది. ఇంటి సందు మలుపు కూడా కొలిచి పెట్టుకోవాలి.

బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అప్పుడప్పుడు హైవే మీద నిలకడగా పరుగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. రోజంతా ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిరిగే వాడకమైతే అది నిండి సతాయిస్తుంది, మార్చాలంటే ఖర్చు గట్టిదే.

పాత బండి కొనేటప్పుడు పైరంగు చూడకండి, కింద పడుకుని చూడండి. ఛాసిస్ మీద, ముఖ్యంగా వెనుక కమాన్ పట్టీలు తగిలించే చోట, పగుళ్లు, వెల్డింగ్ మచ్చలు వెతకాలి. అక్కడ మాత్రమే కొత్త నల్లరంగు మెరుస్తుంటే ఏదో కప్పిపెట్టారన్నమాట. కమాన్‌లో అదనపు పట్టీ వేసి ఉంటే ఓవర్‌లోడు మోసిందని అర్థం. భీమవరం, కైకలూరు వైపు నుంచి వచ్చిన బండి అయితే చేపలు, రొయ్యలు మోసిందేమో ఆరా తీయండి. ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి చిల్లుల్లోంచి కారి ఛాసిస్‌ను లోపలినుంచి తింటుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో తట్టితే గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు మొద్దుగా పలుకుతుంది.

మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఫిల్లర్ బోల్టులు విప్పించండి. నూనె పాలు కలిసిన టీ రంగులో ఉంటే వాగు దాటినప్పుడు నీళ్లు చేరాయి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే పైన చెప్పిన ఒత్తిడి నేరుగా నడిచినా తప్పదు. తర్వాత మట్టి నేల మీద బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి '4-లో' వేయండి. డాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంటూ నిలవకపోతే, లేదా ముందు నుంచి టకటక శబ్దం వస్తే, ఏళ్ల తరబడి వాడక అది పాడై ఉండవచ్చు. అలాంటి బండ్లు సంతలో చాలా ఉన్నాయి. ఇంజిన్ మాత్రం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరో రోజు వస్తామని చెప్పండి.

కాగితాల్లో మొదట చూడాల్సింది నంబరు ప్లేటు రంగు. తెల్ల ప్లేటుకు (సొంత వాడకం బండి) రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, తర్వాత అయిదేళ్లకోసారి పొడిగింపు. పసుపు ప్లేటుకు (అద్దెకు, సరుకు రవాణాకు తిరిగే బండి) ఫిట్‌నెస్ ఎప్పటికప్పుడు చేయించాలి. వేరే రాష్ట్రం బండి చవకగా కనిపిస్తే ఎన్ఓసీ (ఆ రాష్ట్రం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టాల్సిన పన్ను కలిపి లెక్క వేయండి. చాలాసార్లు ఆ చవక అక్కడితో తీరిపోతుంది. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్స్ బాకీ, చలాన్లు చూసుకోండి.

కొన్న వారంలోనే ఇంజిన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల నూనెలు ఒకేసారి మార్పించండి. అవసరం లేకపోయినా నెలకోసారి మట్టిదారి మీద ఫోర్-వీల్ వేసి కొన్ని కిలోమీటర్లు నడపండి. తొట్టి కింద వేలాడే స్పేర్ చక్రాన్ని కూడా ఒకసారి దించి, గొలుసుకు గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించండి. పాత పికప్‌లలో ఆ గొలుసు తుప్పుతో బిగుసుకుపోయి, పంక్చరైన రోజున చక్రం కిందికి దిగదు.