ఆటోక్లేవ్‌లో గాజు సామాను: ప్రెషర్ ముల్లు ఒక్కటే చూస్తే చాలదు

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలోనో బయోటెక్‌లోనో చేరిన కొత్తలో ఆటోక్లేవ్ (ప్రెషర్ కింద ఆవిరి వేడితో సామానులోని సూక్ష్మజీవుల్ని చంపే మెషిన్) వాడకం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. సీనియర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడటమే. ఆ సీనియర్‌కి ఏదైనా అడ్డదారి అలవాటుంటే అదీ మనకు అంటుకుంటుంది. అందుకే మన కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే, పైన మూత పెట్టి చుట్టూ నట్లు బిగించే నిలువు ఆటోక్లేవ్ గురించే రాస్తున్నాను. బటన్ నొక్కితే అంతా అదే చేసుకునే మెషిన్ ఉన్నవాళ్లకు కూడా సామాను సర్దడం దగ్గర చెప్పేవన్నీ పనికొస్తాయి.

అందరికీ కంఠతా వచ్చే లెక్క: 121 డిగ్రీల సెల్సియస్, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ప్రెషర్, 15 నుంచి 20 నిమిషాలు. ఇందులో సూక్ష్మజీవుల్ని చంపేది ప్రెషర్ కాదు, తడి ఆవిరి వేడి. ఆవిరిని 100 డిగ్రీలు దాటించడానికే ప్రెషర్ కావాలి. లోపల గాలి మిగిలిపోయిందనుకోండి, ముల్లు 15 దగ్గరే ఉంటుంది కానీ వేడి అంత ఉండదు. సగం గాలి మాత్రమే పోతే సుమారు 112 డిగ్రీలు, అసలు గాలే పోకపోతే 100 దగ్గరే. మీరేమో ఇరవై నిమిషాలు అయిందని తీసేసి, రెండో రోజు ప్లేటు నిండా కంటామినేషన్ (అక్కర్లేని సూక్ష్మజీవుల పెరుగుదల) చూసి మీడియాని, అంటే సూక్ష్మజీవుల్ని పెంచడానికి వాడే పోషక పదార్థాన్ని, తిట్టుకుంటారు.

ముందు గాజు సంగతి. వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజే వాడండి, ఇంట్లో మిగిలిన జామ్ సీసా లాంటివి వద్దు. ప్రతి ఫ్లాస్క్‌నీ వెలుతురుకి పట్టుకుని తిప్పి చూడండి, అడుగున వెంట్రుక మందం గీత కనిపించినా, అంచు చిట్లినా పక్కన పెట్టేయండి, ఎందుకంటే బల్ల మీద నీళ్లు కారకుండా నిలిచిన పగులు ఆవిరి వేడికి నిలవదు. ఎండిపోయిన అగర్ (మీడియాని గడ్డకట్టించే జెల్లీ లాంటి పదార్థం), పాత మార్కర్ రాతలు వదిలేలా కడిగి, చివర్లో ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో తొలవండి. మురికి మిగిలితే ఆవిరి దాని అడుగుకి చేరదు.

మూతికి పెట్టే దూది నాన్ అబ్సార్బెంట్ కాటన్ అయ్యుండాలి. మందుల షాపులో గాయాలకి ఇచ్చే దూది తడి పీల్చేసుకుని ముద్దవుతుంది. ప్లగ్ సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని పట్టుకుని ఖాళీ ఫ్లాస్క్‌ను పైకెత్తండి. ఫ్లాస్క్ జారకూడదు, కానీ కాస్త మెలితిప్పి లాగితే ప్లగ్ తేలిగ్గా రావాలి. పైన బ్రౌన్ పేపర్ చుట్టి దారం కట్టేయండి. మర మూతల సీసాలైతే మూత సగం చుట్టు వదులు చేయండి. బిగించిన సీసా లోపల పెడితే అది పగిలే సామాను అవుతుంది, ఒక్కోసారి మీ చేతిలోనే.

ఖాళీ ఫ్లాస్కులు, సీసాలు నిలబెట్టకండి, పక్కకి పడుకోబెట్టండి. ఆవిరి కన్నా గాలి బరువు, నిటారుగా ఉన్న సీసాలో అది అడుగున అలాగే కూర్చుంటుంది. పైగా ఒక చెంచాడు డిస్టిల్డ్ వాటర్ పోస్తే అదే ఆవిరై గాలిని తోసేస్తుంది. మీడియా ఉన్న ఫ్లాస్కులు మూడింట రెండు వంతులకి మించి నింపకండి, వీలైతే వాటిని ఖాళీ సామానుతో కలపకండి. బుట్టలో కుక్కడం వద్దు, చుట్టూ ఆవిరి తిరగాలి. గాజు పిపెట్లు, పెట్రీ ప్లేట్లు పొడిగా కావాలంటే హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచడం మేలు. బ్లీచ్, ఫినాల్, ఆల్కహాల్ లాంటివి అంటిన గాజుని మాత్రం బాగా కడిగాకే ఆటోక్లేవ్ దగ్గరికి తీసుకురండి.

ఇక మెషిన్. హీటింగ్ కాయిల్ మునిగేలా నీళ్లున్నాయా, మూత చుట్టూ ఉన్న రబ్బర్ రింగు చిట్లిందా చూసుకోండి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవి జతలుగా బిగించండి, లేకపోతే ఒక పక్క నుంచి ఆవిరి బుస్సుమంటుంది. ఆవిరి వదిలే వాల్వ్ తెరిచే ఉంచి స్విచ్ వేయండి. మొదట గాలీ ఆవిరీ కలిసి తెరలు తెరలుగా వస్తాయి, తర్వాత ఆగకుండా ధారగా వస్తుంది. ఆ ధార మొదలయ్యాక కూడా ఐదారు నిమిషాలు వదిలి అప్పుడు వాల్వ్ మూయండి. టైమ్ లెక్క స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, వేడి 121 చేరినప్పటి నుంచి. లీటరు మీడియా లాంటి పెద్ద ఫ్లాస్కుల లోపలికి వేడి చేరడానికి ఇంకా సమయం పడుతుంది, వాటికి అరగంట దాకా ఇవ్వండి. మధ్యలో కరెంటు పోయి వేడి పడిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సిందే, మిగిలిన ఏడు నిమిషాలు కలిపేస్తానంటే కుదరదు. (హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది కాబట్టి ఇక్కడ ముల్లు 15 చూపినా లోపల 120 దగ్గరే ఉంటుంది. థర్మామీటర్ ఉంటే దాన్నే నమ్మండి.)

ముల్లు 15 దాటి పైపైకి పోతూ సేఫ్టీ వాల్వ్ కూడా తెరుచుకోకపోతే మూత జోలికి వెళ్లొద్దు, గోడ దగ్గర స్విచ్ ఆపి దూరంగా జరగండి. వాల్వ్ శబ్దం చేస్తోందని గుడ్డ కట్టేవాళ్లని చూస్తే నిజంగా టెన్షన్ వస్తుంది. అది కుక్కర్ సేఫ్టీ ప్లగ్ లాంటిది, దాని పని దాన్ని చేయనివ్వండి.

ఎక్కువమందికి కాలేది పని అయిపోయాకే. ముల్లు సున్నాకి దానంతట అదే రావాలి. క్లాస్‌కి టైమైందని వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే, ప్రెషర్ పడిపోయి మీడియా పొంగుతుంది, దూది ఎగిరిపోతుంది. సున్నాకి వచ్చాక వాల్వ్ మెల్లగా తెరిచి, ఆవిరి ఆగిపోయాక నట్లు వదులు చేయండి. మందపాటి గ్లౌజులు, ముఖానికి షీల్డ్, కాలు మొత్తం మూసే బూట్లు ఉండాలి, చున్నీ, జుట్టు వెనక్కి కట్టేయండి. మూతని మీకూ ఆవిరికీ మధ్య అడ్డుగా ఉండేలా ఎత్తి, ముఖం పక్కకి తిప్పుకోండి. మీడియా ఫ్లాస్క్‌ని వెంటనే తీసి ఊపొద్దు, మరగకుండా నిశ్శబ్దంగా ఉన్న ద్రవం కదపగానే ఒక్క ఉదుటున పైకి తన్నుతుంది. కనీసం పది నిమిషాలు అలాగే వదిలేయండి. తీశాక చల్లటి గ్రానైట్ ప్లాట్‌ఫామ్ మీద కాదు, మడతపెట్టిన గుడ్డ మీదో న్యూస్ పేపర్ల మీదో పెట్టండి.

ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వచ్చాయంటే ఆ సామాను వేడిని చూసిందని మాత్రమే, స్టెరైల్ అయిందని, అంటే సూక్ష్మజీవులన్నీ చచ్చాయని కాదు. అసలు పరీక్షకి జియోబాసిలస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లు (వేడికి బాగా తట్టుకునే దాని బీజాలు) ఉన్న స్ట్రిప్ అప్పుడప్పుడు లోడు మధ్యలో పెట్టి, తర్వాత 55-60 డిగ్రీల దగ్గర ఇంక్యుబేట్ చేయండి. ఏమీ పెరగకపోతే మీ మెషిన్ బాగా పనిచేస్తున్నట్టు. పక్కనే ఆటోక్లేవ్ చేయని స్ట్రిప్ ఒకటి పెట్టుకోవాలి, అందులో పెరుగుదల కనిపించకపోతే ఆ స్ట్రిప్పులే పాతబడ్డాయన్నమాట. పేపర్ తడిగా ఉన్న సామాను వాడకుండా 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, పైన తేదీ రాసి అల్మారాలో పెట్టండి. ఆరేలోపు తడి చేతులతో ముట్టుకున్నా, పేపర్ చిరిగినా అది మళ్లీ ఆటోక్లేవ్ చేయాల్సిన సామానే.