మోకీలు మార్పిడి తర్వాత: కాలు మాట వినకపోతే ఏం చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు చాలామంది మోకీళ్ల మార్పిడికి విశాఖ వెళ్తారు. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. ఇంటికొచ్చాకే చిక్కు: సర్జన్ విశాఖలో, కాలు ఇక్కడ.

కాలు ముడవడం లేదు
కారణం: కోత పడిన చోట లోపల మచ్చలాంటి కొత్త కణజాలం అతుక్కుంటూ గట్టిపడుతుంది. మోకాలి చిప్ప కిందకి జారడం మానేస్తుంది. అది జారకపోతే మోకాలు ముడవదు.
ఏం చేయాలి: ఫిజియో (వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు) చిప్పను వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ పక్కలకీ మెల్లగా జరుపుతారు. ఆ తర్వాత కాలు పట్టి ముడిపిస్తారు. అలా వచ్చిన మడతను ఆ రోజంతా వాడుకోవాలి. మంచం అంచున కూర్చుని మడమను వెనక్కి లాగుతూ ఉండాలి, రోజుకు చాలాసార్లు. ఫిజియో వచ్చి వెళ్లాక రోజంతా పడుకునేవాళ్లకి ఆ ఫీజు దండగే. కుర్చీలోంచి సుఖంగా లేవాలంటే 90 డిగ్రీలు దాటాలి. ఆరు వారాలైనా 90 రాకపోతే సర్జన్‌కి చెప్పండి. మత్తిచ్చి కీలు వంచే పద్ధతి ఒకటుంది, ఆలస్యమైతే దాని ఫలితం తగ్గుతుంది.

పూర్తిగా చాపలేకపోతున్నారు
చాలా ఇళ్లలో దోషి మోకాలి కింద దిండే. హాయిగానే ఉంటుంది, కీలు మాత్రం అదే వంపులో బిగుసుకుంటుంది. దిండు మడమ కిందకి మార్చండి.

తొడ బిగించమంటే బిగియదు
దీన్ని బద్ధకం అనుకుని ఇంట్లోవాళ్లు కసురుతుంటారు, పాపం. కీలులో వాపుంటే తొడ ముందు కండరం సరిగా పలకదు. ఫిజియో మోకాలి కింద చెయ్యి పెట్టి “నా చెయ్యి నొక్కమ్మా” అంటారు. ఒడియాలో అన్నా ఏం చేయాలో ఆ చెయ్యే చెబుతుంది. వాపుకి గుడ్డలో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు.

కుట్ల గీత చర్మం కింది పొరకి అంటుకుపోయింది
కుట్లు తీసి, పక్కులు రాలి, గాయం పూర్తిగా మానాకే వేలితో గీత మీద మెల్లగా రుద్దాలి.

పిక్క వాచి, నొప్పిగా, వేడిగా ఉంది
ఇక్కడ మాత్రం ఎవరి చెయ్యీ పడకూడదు. నూనె మర్దన చేస్తామని వచ్చే చుట్టాల్ని గుమ్మంలోనే ఆపండి. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ గడ్డ కదిలితే ఊపిరితిత్తులకు చేరొచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.