టమోటా బాక్సులో పుల్లకుళ్లు: మందు డబ్బా కంటే ముందు బాక్సు కడగండి

పలమనేరు, పుంగనూరు, వి.కోట వైపు వానల్లో టమోటా కోసిన రైతుకూ, మండీలో కొన్న వ్యాపారికీ మాటామాటా వచ్చేది ఎక్కువగా ఒక్క విషయం మీదే. తోటలో గట్టిగా ఉన్న కాయ చెన్నైలో దించేసరికి కారిపోయి ఉంటుంది. తప్పు విత్తనానిదా, లారీదా, కోసినవాళ్లదా అని తగువు పడే ముందు అది ఏ కుళ్లో తేల్చుకోవాలి. చాలామంది ఆ పని చేయకుండానే మందుల షాపుకు పోతారు.

లక్షణం: పులిసిన వాసన, తెల్ల బూజు

తొడిమ ఊడిన చోటో, కాయ పగిలిన చోటో నీళ్లు నానినట్టు జిడ్డుగా ఒక మచ్చ మొదలవుతుంది. తోలు కాసేపు ఆగుతుంది, తర్వాత చిట్లుతుంది. ఆ చీలికలో తెల్లగా, మెత్తగా బూజు కనిపిస్తుంది. బాక్సు మూత తీయగానే పులిసిన వాసన. ఈ మూడూ కలిసి ఉంటే అది పుల్లకుళ్లు. కారకం జియోట్రైకమ్ కాండిడమ్ అనే శిలీంధ్రం. ఇది మట్టిలో ఎక్కడైనా ఉంటుంది, పాలు, పెరుగు పాత్రల్లోనూ చేరుతుంది.

పోలి ఉండేవి ఇంకా ఉన్నాయి. ముక్కు మూసుకునేంత కంపు, బూజు మాత్రం లేదంటే బ్యాక్టీరియా మెత్తకుళ్లు. బూడిదరంగు పొడుగు బూజు, దాని కొనల్లో నల్లటి చుక్కలు ఉంటే రైజోపస్ అనే మరో బూజు. కాయ అడుగున పొడిగా, నల్లగా గుంట పడితే అది తెగులే కాదు, కాల్షియం అందక వచ్చిన లోపం. అది పక్క కాయకు అంటదు, దానికి బాక్సు కడిగి లాభం లేదు.

కారణం: తునిగిపోయే బూజు

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మందు ఎందుకు పని చేయదో ఇందులోనే ఉంది. కొన్ని బూజులు విత్తనాల కోసం ప్రత్యేకంగా కాడ లేపి, దాని చివర సిద్ధబీజాలు, అంటే బూజు విత్తనాలు, కడతాయి. రైజోపస్‌లో కనిపించే నల్ల చుక్కలు అవే. జియోట్రైకమ్‌కు ఆ శ్రమ లేదు. దారంలా సాగే దాని తంతువులో అడ్డుగోడలు వస్తాయి, ఆ గోడల దగ్గరే తంతువు తునిగి పొట్టి ముక్కలవుతుంది. చెరకు గడను కణుపు చూసుకుని ముచ్చెలుగా నరికినట్టే. ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. లైంగిక కలయిక లేకుండా, తంతువు ముక్కలవడం వల్ల పుట్టే ఈ సిద్ధబీజాలనే ఆర్థ్రోస్పోర్లు అంటారు, ఆర్థ్రోకొనిడియా అని కూడా రాస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే మూలలు కోసినట్టున్న దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి.

కుళ్లిన కాయలో ఇవి రసంలో తడిసి ఉంటాయి. అందుకే గాలికన్నా రసం, నీళ్లు, చేతులు, బాక్సు గోడలు, పండ్ల మీద ముసిరే బుల్లి ఈగల కాళ్లు వీటిని ఎక్కువ మోస్తాయి. గాయం లేని పచ్చి కాయను ఇవి పెద్దగా ఏమీ చేయలేవు. పగులు, గీత, ఊడిన తొడిమ గుంట దొరికితేనే లోపలికి పోతాయి. కాయ పండేకొద్దీ లొంగిపోతుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడి, పైన టార్పాలిన్ కప్పి ఊపిరాడని లారీ అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఏం చేయాలి

మార్కెట్ నుంచి తిరిగొచ్చిన ఖాళీ బాక్సు లోపలి మూలల్లో వేలు పెట్టి చూడండి. ఎండిన రసం తగిలితే మీ సమస్య అక్కడే ఉంది. ముందు సబ్బునీళ్లు, బ్రష్షుతో రుద్ది కడగాలి, తర్వాతే క్లోరిన్ నీళ్లు. మురికి మీద పోసిన క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 100 లీటర్లకు 50 గ్రాములు కలిపితే దాదాపు 150 పీపీఎం (లీటరు నీటికి 150 మిల్లీగ్రాముల క్లోరిన్) వస్తుంది. మూట విప్పి నెలల తరబడి షెడ్డులో పడేసిన పౌడర్‌కు ఆ బలం ఉండదు. కడిగాక బోర్లించి ఎండలో ఆరబెట్టండి. తడి బాక్సులో కాయ పోస్తే కడిగిన కష్టమంతా వృథా.

కాయలు కూడా కడిగే అలవాటుంటే ఆ నీళ్లే పెద్ద ప్రమాదం. ఒక్క కుళ్లిన కాయ తొట్టిలో పడితే మిగతా అన్నిటి తొడిమ గుంటలకూ అందుతుంది. క్లోరిన్ 100–150 పీపీఎం, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 6.5–7.5 మధ్య ఉంచాలి. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ మొద్దుబారుతుంది. అలాగని ఆమ్లం గుడ్డిగా పోయకండి, మరీ దిగితే ఘాటైన క్లోరిన్ వాయువు లేస్తుంది. నీళ్లు కాయకన్నా చల్లగా ఉండకూడదు. ఎండకు కాగిన కాయను చల్లటి బోరు నీళ్లలో ముంచితే తొడిమ గుంట గుండా నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది, వాటితోపాటు సిద్ధబీజాలనూ. కడిగే సౌకర్యం సరిగా లేనివాళ్లు కడక్కుండా, పొడిగా ఏరి పంపడమే మేలని నా అభిప్రాయం.

కోత సంగతి అందరికీ తెలిసిందే: మంచు ఆరాక కోయాలి, దూరం పంపేది రంగు తిరిగే దశలోనే కోయాలి, పగుళ్లు పడింది బాక్సులో వేయొద్దు. బెట్ట తర్వాత పెద్ద వాన పడితే కాయలు పగులుతాయి. ఆ వారం ఏరడానికి ఒక మనిషిని ఎక్కువ పెట్టుకున్నా నష్టం లేదు.

మందు కొట్టినా ఆగలేదంటే

ఆగదు. నిమ్మజాతి పండ్ల గోదాముల్లో వాడే థయాబెండజోల్, ఇమజాలిల్ లాంటి బూజు మందులే ఈ జాతి బూజుల మీద పారలేదు. కోతకు దగ్గర్లో పిచికారీ చేస్తే కాయ మీద మందు అవశేషం మిగులుతుంది, బాక్సులో ఉన్నది బాక్సులోనే ఉంటుంది.

చల్లగా ఉంచడం పని చేస్తుంది, 10 డిగ్రీల లోపు ఈ బూజు చాలా నెమ్మదిస్తుంది. కానీ పచ్చి టమోటాను అంత చల్లగా పెడితే సరిగా పండదు, రుచీ పోతుంది. పచ్చిది 12–13 డిగ్రీల దగ్గర ఉంచి, బాగా పండినదాన్నే ఇంకాస్త దించాలి.

అప్పటికీ ఏ కుళ్లో తేలకపోతే తిరుపతిలోని ఎస్వీ వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ల విభాగంవాళ్లకు చూపించండి. పూర్తిగా కారిపోయినది కాకుండా, అప్పుడే మచ్చ మొదలైన కాయలను కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో కడితే దారిలోనే బ్యాక్టీరియా చేరి అసలుది దొరక్కుండా పోతుంది. ఏరి పారేసిన కాయలను మాత్రం గట్టు మీదో కాలువ పక్కనో కుప్ప పోయకండి. గుంట తీసి పూడ్చండి, ఈగలు చేరకుండా పైన మట్టి గట్టిగా కప్పండి.