మొదటి మంచి సైకిల్‌కి ఎంత ఖర్చు పెట్టాలి?

షాపుకి వెళ్లకముందే ఒక లెక్క వేసుకోండి. రేపు సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్న చోటికి ఇప్పుడు బస్సుకో పెట్రోలుకో నెలకు ఎంతవుతోంది? దాన్ని 12తో హెచ్చించండి. ఏడాదిలో తిరిగొచ్చేసే ఆ మొత్తమే నేను కొత్తవాళ్లకు చెప్పే పైహద్దు. వ్యాయామం కోసమే అయితే ఏడాది జిమ్ ఫీజుతో పోల్చుకోండి.

అందులో అయిదో వంతు వెంటనే పక్కన పెట్టేయండి. హెల్మెట్, గట్టి తాళం, ముందూ వెనకా లైట్లు, గాలి పంపు దాంట్లోంచే రావాలి. హెల్మెట్ వచ్చే నెల కొందాంలే అని మాత్రం అనుకోకండి.

ఇక సైకిల్. తక్కువ ధరలోనే షాక్ అబ్జార్బర్లు, 21 గేర్లు, డిస్కు బ్రేకులు అన్నీ కనిపిస్తే ఆశపడొద్దు. అన్నీ అంత తక్కువలో ఇవ్వాలంటే ఎక్కడో కోత పెట్టాల్సిందే. ఆ కోత మామూలుగా చక్రాలకీ బేరింగులకీ పడుతుంది. చవక షాకులు బరువు పెంచుతాయి, లేచి నిలబడి తొక్కితే మన బలంలో కొంత మింగేస్తాయి. తారు రోడ్డుకి షాకుల్లేని ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం), 7 లేదా 8 గేర్లు చాలు.

నాణ్యత చేతికే తెలుస్తుంది. ముందు చక్రం పైకెత్తి తిప్పండి. రిమ్ము మీద పట్టే బ్రేకైతే రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందునే చూస్తూ ఉండండి. అది ఒకచోట సన్నబడి, ఇంకోచోట వెడల్పయితే రిమ్ము బెండు ఉన్నట్టే. తర్వాత ముందు బ్రేకు గట్టిగా నొక్కి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద టక్కుటక్కుమనకూడదు. పెడల్ బిగించిన క్రాంకును పక్కకి లాగితే కదలకూడదు. వీటన్నిటికీ నిలబడే సైకిళ్లలో అన్నిటికన్నా చవకైనది ఏదో, మీ బడ్జెట్ అక్కడ మొదలుకావాలి. అంతకు చాలా పైన పెట్టే డబ్బు ఎక్కువగా సైకిల్ బరువు తగ్గడానికే పోతుంది. మొదటి సైకిల్‌కి తేలికైన కార్బన్ ఫైబర్ ఫ్రేము అక్కర్లేదు.

చేతిలో ఉన్నది ఆ ధరకి చాలకపోతే, నాసిరకం కొత్తదాని కన్నా మంచి సెకండ్‌హ్యాండ్ సైకిల్ నయం. విషయం తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. చైను, టైర్లు మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

ఏదైనా సరే, ఎక్కి చూడకుండా కొనొద్దు. మడమ పెడల్ మీద ఆనించి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు ఎత్తు మార్చినా అలా కుదరలేదంటే, లేదా హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగిలబడాల్సి వస్తోందంటే ఎంత డిస్కౌంటిచ్చినా వదిలేయండి.

కొత్త సైకిల్‌కి నెలా రెండు నెలల్లో కేబుళ్లు కాస్త వదులై గేర్లు సరిగా పడవు. ఆ మొదటి సర్వీసింగ్ ధరలో కలిసి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.