పిల్లల యాక్టివిటీ పుస్తకం ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు కొన్న యాక్టివిటీ పుస్తకాలు చాలావరకు రెండు రోజుల్లోనే మూలకి చేరాయి. కాగితం పల్చగా ఉండి స్కెచ్ పెన్ రంగు వెనక పేజీకి దిగిపోయేది, తెరిచి పెడితే దానంతటదే మూసుకుపోయేది, ఒక బొమ్మ కత్తిరిస్తే దాని వెనకున్న ఆట కూడా పోయేది. అందుకే ఇంట్లోనే కుట్టడం మొదలుపెట్టాను. కుట్టడానికి గంట కూడా పట్టదు, పేజీలు నింపడానికే ఓ రెండు సాయంత్రాలు కావాలి.

ముందు కాగితం సంగతి. మామూలు జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటుంది, అది పెన్సిలుకీ క్రేయాన్లకీ సరిపోతుంది. స్కెచ్ పెన్నులు వాడే పిల్లలుంటే 120 జీఎస్ఎం అడిగి తీసుకోండి. నీళ్ళ రంగులకైతే 200 పైన ఉంటేనే కాగితం ముడతలు పడకుండా ఉంటుంది, కానీ అంత మందం ఒకటి రెండు కాగితాలకి మించి పెడితే మడత సరిగ్గా కూర్చోదు. ఏ4 కాగితాలు 8 తీసుకుని మధ్యకి మడిస్తే 32 పేజీలు వస్తాయి, చిన్నపిల్లలకి ఇది చాలు. ఒక్కో కాగితాన్ని విడిగా మడిచి, మడత మీద స్టీలు స్పూను వెనక భాగంతో గట్టిగా రుద్ది, తర్వాత ఒకదానిలో ఒకటి దూర్చండి. అట్టకి చార్ట్ ముక్క చాలు.

ఇప్పుడే కుట్టేయకండి. పేజీల మూలన పెన్సిలుతో చిన్నగా నంబర్లు వేసి, మళ్ళీ విడదీసి, బొమ్మలన్నీ విడి కాగితాల మీదే వేసుకోండి, నంబర్లు లేకపోతే ఏ పేజీ ఎక్కడికి వెళ్తుందో తర్వాత అర్థం కాదు.

పేజీల్లో ఏం పెట్టాలనేది మీ పిల్లల్ని బట్టి ఉంటుంది, నేను మాత్రం ముగ్గుతో మొదలుపెడతాను. ఐదు నుంచి మూడు దాకా సందు చుక్క, అంటే మధ్య వరుసలో 5, దానికి పైనా కిందా 4, ఆ తర్వాత 3, మొత్తం 19 చుక్కలు. చుక్కలు మాత్రం పెట్టి వదిలేయండి, గీతలు పిల్లల ఇష్టం. ఇది బాగా వచ్చాక ఏడు నుంచి నాలుగుకి వెళ్ళొచ్చు, అందులో 37 చుక్కలు. చుక్కల మధ్య దూరం సమానంగా ఉండేలా పిల్లలే స్కేలుతో పెట్టుకుంటే ఇంకా మంచిది, లెక్కలు నేర్పుతున్నామన్న టెన్షన్ లేకుండా లెక్క వచ్చేస్తుంది.

రెండు పేజీలు ఖాళీగా ఉంచి రావి ఆకు అచ్చుకి వదలండి. ఆకుని ఈనెలు పైకి తేలే వైపు పైకి పెట్టి, మీద పేజీ పరిచి, క్రేయాన్‌ని పడుకోబెట్టి మెల్లగా రుద్దితే ఈనెలన్నీ ఒక్కొక్కటే పైకొస్తాయి. ఎండుటాకు విరిగిపోతుంది, పచ్చిదే తీసుకోండి.

మా ఇంట్లో అందరికీ నచ్చే పేజీ మాత్రం పసుపు పేజీ. పసుపు నీళ్ళలో కలిపి కాగితం మొత్తం పూసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత తినే సోడా కలిపిన నీళ్ళలో కుంచె ముంచి ఆ పసుపు మీద పేరు రాస్తే అక్షరాలు ఎర్రగా వస్తాయి. పైన నిమ్మరసం అద్దితే ఆ ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలుతుంది. సోడా క్షారం కాబట్టి పసుపు ఎర్రబడుతుంది, నిమ్మరసం ఆమ్లం కాబట్టి ఆ క్షారం విరిగి పసుపు మళ్ళీ తన రంగుకి వస్తుంది. పెద్ద పిల్లలకైతే సబ్బు నీళ్ళతోనూ చేయించి ఏ రంగు వస్తుందో ముందే ఊహించమనండి.

కత్తిరించే పేజీలకి ఒక జాగ్రత్త. మడత నుంచి 2 సెంటీమీటర్లు వదిలి చుక్కల గీత గీయండి, కత్తెర ఆ గీత దాటి లోపలికి రాకూడదు. ఆ ముక్క మిగిలితేనే రెండో వైపు పేజీ ఊడిపోకుండా నిలుస్తుంది. వెనక వైపు ఏమీ వేయకండి.

కత్తెర గురించి గట్టిగా చెప్పాలి. మొన గుండ్రంగా ఉండాలి కానీ అంచు తెగాలి. తెగని ప్లాస్టిక్ కత్తెర ఇస్తే కాగితం మడతపడి నలుగుతుంది, పిల్లలేమో తమకే చేతకాదనుకుని పక్కన పడేస్తారు. ఎడమచేతి వాటం పిల్లలకి ఎడమచేతి కత్తెరే కొనండి, మామూలు కత్తెరలో పై అంచు గీతని కప్పేస్తుంది కాబట్టి ఎక్కడ కోస్తున్నారో వాళ్ళకి కనిపించదు. దయచేసి చెయ్యి మార్చమని మాత్రం బలవంతపెట్టకండి.

ఇక కుట్టు. కాగితాల్ని నంబర్ల ప్రకారం సర్ది, అట్టని బయట పెట్టి, మధ్యకి తెరవండి. మడత పొడవు 21 సెంటీమీటర్లు ఉంటుంది, దాని మీద 4, 10.5, 17 దగ్గర గుర్తులు పెట్టుకుని, కింద పాత హవాయి చెప్పు పెట్టి దబ్బనంతో మూడు చిల్లులు పొడవండి. ఇది పెద్దవాళ్ళ పని. దారం ముప్పావు మీటరు చాలు, మందపు దారం లేకపోతే మామూలుది నాలుగు పోగులు కలిపి కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే చిక్కు పడదు. లోపలి నుంచి మధ్య చిల్లులోకి సూది గుచ్చి బయటికి తీసి, దారం కొస ఒక జానెడు లోపలే ఉంచండి. బయటి నుంచి పై చిల్లులోకి, లోపలికి వచ్చాక మధ్య చిల్లు వదిలేసి నేరుగా కింది చిల్లులోకి, అక్కడ బయటికి వచ్చి మళ్ళీ మధ్య చిల్లులోంచి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ ఆ పొడవాటి కుట్టుకి చెరో వైపు ఉండాలి, ఒకే వైపు ఉంటే ముడి నిలవదు. దారాన్ని మడత పొడవునా లాగి బిగించి ముడి వేయండి, పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

కత్తిరించిన ముక్కలు దాచుకోవడానికి వెనక అట్ట లోపల పాత పెళ్ళిపత్రిక కవరు అతికిస్తే మంచి జేబు అవుతుంది. జిగురుకి చెంచా మైదాలో ఐదు చెంచాల నీళ్ళు పోసి, ఉండలు లేకుండా కలిపి, నిగనిగలాడేదాకా సన్నటి సెగ మీద తిప్పండి. మైదా జిగురుకి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది, అది విషం, పిల్లల పుస్తకంలో వద్దే వద్దు. అతికించాక రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టి, పొద్దున్నే తీసి పిల్లల చేతికివ్వండి. అట్ట మీద పేరు, బొమ్మ వాళ్ళనే వేసుకోనివ్వండి.