వేసవి పళ్ళతో తీపి వంటలు, 4వ పాఠం: గడ్డకట్టని జెల్లీ, ఆ తర్వాత నేరేడు పుల్ల ఐసు

ఈసారి నేరేడు, కొబ్బరిపాల పుల్ల ఐసు నేర్పిస్తానన్నాను, నేర్పిస్తాను. కానీ ముందు పోయిన పాఠంలో చేసిన నేరేడు జెల్లీ సంగతి తేల్చుకోవాలి. చాలామందికి అది నిలబడలేదు. కొందరికి జావలా మిగిలింది, కొందరికి గిన్నె అడుగున నీళ్ళూ పైన తునకలూ తేలాయి. మా వదిన అయితే జెల్లీని గడ్డకట్టించే చైనా గ్రాస్ రెట్టింపు వేసింది, అయినా ప్లేటులో బోర్లించగానే జారిపోయింది. ఎవరిని ఎలా చేశారని అడిగినా దాదాపు ఒకటే జవాబు: బాగా కలిసిపోవాలని నేరేడు రసం, చైనా గ్రాస్ ఒకే గిన్నెలో వేసి పావుగంట మరిగించారట. రెండూ విడివిడిగా వేడిచెయ్యాలని నేను గట్టిగా రాయలేదు, అది నా పొరపాటే. ఇప్పుడు రాస్తున్నాను.

పులుపులో చైనా గ్రాస్‌ని మరిగించకూడదు. అది సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం, నీళ్ళలో మరిగితేనే కరుగుతుంది, చల్లారితే వల అల్లినట్టు అల్లుకుని నీళ్ళని పట్టి ఉంచుతుంది. పుల్లటి రసంలో మరిగిస్తే ఆ వల దారాలే తెగిపోతాయి. తెగాక ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టినా నిలబడదు. నేరేడు తియ్యగా ఉంటుంది కదా, పులుపెక్కడిది అనుకోవద్దు. తీపి, వగరు ముందుకొచ్చి పులుపుని కప్పేస్తాయి, అంతే. స్ట్రాబెర్రీకీ ఇదే లెక్క.

అరలీటరు జెల్లీకి మామూలుగా 5 గ్రాముల చైనా గ్రాస్ సరిపోతుంది, నేరేడుకి నేను 7 వేస్తాను. అరగంట నానబెట్టి, నీళ్ళు పిండేసి, పావులీటరు మంచినీళ్ళలో సన్నటి సెగ మీద కలుపుతూ పది నిమిషాలు కాయండి. గరిటె ఎత్తి చూస్తే ఒక్క పోగు కూడా కనపడకూడదు. పంచదార ఇక్కడే వేసెయ్యండి. పొయ్యి ఆపాక, పావులీటరు నేరేడు రసం పోసి తిప్పి వెంటనే అచ్చుల్లో పొయ్యండి.

ఇక్కడ ఇంకో చోట కాలు జారుతుంది, నాకు దీనితోనే ఎక్కువ చిరాకు. రసం ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోసేస్తారు. చైనా గ్రాస్ సుమారు 40 డిగ్రీలకి దిగగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మంచులాంటి రసం తగిలిన చోటల్లా అప్పటికప్పుడు తునకలుగా బిగుసుకుంటుంది, మిగతాది నీళ్ళగా ఉండిపోతుంది. పైన తునకలు తేలాయన్నవాళ్ళకి జరిగింది ఇదే. మళ్ళీ కలిపితే సర్దుకుంటుందని గరిటెతో తిప్పుతారు, ఇంకా ముక్కలవుతుంది. మళ్ళీ పొయ్యి మీద పెడితే 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అప్పటికి రసం అందులోనే ఉంది కాబట్టి పైన చెప్పిన తెగులు పట్టుకుంటుంది. అటూ చెడే, ఇటూ చెడే. అందుకని రసం గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో పది నిమిషాలు కూర్చోబెట్టండి. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. మరగకూడదు, చల్లగానూ ఉండకూడదు. చంటిపిల్లల స్నానం నీళ్ళంత వెచ్చదనం.

చైనా గ్రాస్ బదులు జెలటిన్ వాడొచ్చా అని అడిగారు. మన వైపు మేలో వంటింట్లో అది కరిగి కారిపోతుంది. చైనా గ్రాస్ జెల్లీ అయితే కరెంటు పోయి రెండు గంటలు బల్ల మీదున్నా చెక్కు చెదరదు. నేను ఇదే వాడతాను, ఇంకోటి కొనను.

రంగు గురించి ఒక్క మాట. రాజోలు వైపు ఉన్న మా పిన్నికి రసం ఊదాగా కాక బూడిద నీలంగా వచ్చింది. బోరు నీళ్ళు ఎక్కువ పోసింది. నేరేడు రంగు పులుపులో ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలం వైపు తిరుగుతుంది. కాలువలకి నీళ్ళు ఆపేసిన రోజుల్లో చాలా ఇళ్ళలో బోరు నీళ్ళే గతి, అవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. తాగే నీళ్ళు వాడండి, చివర్లో అరచెక్క నిమ్మరసం పిండండి, రంగు వెనక్కి వస్తుంది. ఇనప మూకుడు, ఇనప కత్తి దగ్గరికి రానివ్వొద్దు, నల్లబడుతుంది. స్టీలు గిన్నె చాలు.

ఇక పుల్ల ఐసు. అల్లనేరేడు అరకిలో తీసుకోండి, చిట్టినేరేడులో గింజే ఎక్కువ. మృగశిర కార్తె తర్వాత వచ్చే కాయలు నాకు ఇంకా ఇష్టం, నల్లగా నిగనిగలాడతాయి. అర చెంచా ఉప్పు చల్లి అరగంట ఉంచితే వగరు తగ్గుతుంది, తర్వాత కడిగెయ్యండి. గుజ్జు చేత్తోనే పిసికి తియ్యండి. మిక్సీలో గింజలతో తిప్పితే ఆ వగరు ఎంత పంచదారకీ లొంగదు. 150 గ్రాముల పంచదార వేసి ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చండి.

దీనికి గేదెపాలు కాకుండా కొబ్బరిపాలు ఎందుకంటే, పాలు విరగ్గొట్టడానికి నిమ్మరసం పిండుతామే, వేడి పాలలో నేరేడు గుజ్జు వేస్తే అదే పని చేస్తుంది. కోనసీమలో కూర్చుని అంత అవస్థ పడటం దేనికి, పెరట్లో కొబ్బరికాయలు పెట్టుకుని. కొబ్బరిపాలు అలా విరగవు. మరిగిస్తే మాత్రం నూనె తేలి విడిపోతాయి, కాబట్టి చిక్కటి మొదటి పాలు పొయ్యి ఎక్కకూడదు. పాలు తీయడం మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు కాయల మొదటి పాలు పక్కన పెట్టి, ఒక గ్లాసు రెండో పాలలో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబడేదాకా కాచి, పూర్తిగా చల్లారాక మొదటి పాలు, గుజ్జు, చిటికెడు ఉప్పు కలపండి. రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించాలి. గడ్డకట్టిన చల్లదనంలో నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. పంచదార మరీ తగ్గిస్తే పంటికి దిగని మంచుగడ్డ అవుతుంది. ఏలక్కాయ వెయ్యకండి, నేరేడు వాసన మాయమైపోతుంది. అచ్చుల్లో పోసి, గంటన్నర తర్వాత పుల్లలు గుచ్చి, ఎనిమిది గంటలు డీప్ ఫ్రిజ్‌లో ఉంచండి. మధ్యలో కరెంటు పోయి కరిగితే మళ్ళీ గడ్డకట్టించొద్దు, ఇసకలా పలుకులు పలుకులుగా అవుతుంది. గ్లాసుల్లో పోసుకుని తాగెయ్యండి, అదీ బాగానే ఉంటుంది.

అభ్యాసం: రెండు చెంచాల చొప్పున నేరేడు గుజ్జు ఆరు గిన్నెల్లో తీసుకోండి. ఒకదాంట్లో వేడి పాలు, ఒకదాంట్లో చల్లటి పాలు, ఒకదాంట్లో కొబ్బరిపాలు, ఒకదాంట్లో మీ కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో చిటికెడు వంటసోడా కలిపిన నీళ్ళు, చివరిదాంట్లో నిమ్మరసం. పది నిమిషాల తర్వాత ఏది విరిగింది, ఏ రంగు ఎటు తిరిగింది అన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత జెల్లీ మళ్ళీ చెయ్యండి, ఒక అచ్చు పాత పద్ధతిలో, ఒకటి కొత్త పద్ధతిలో, రెండూ పక్కపక్కన బోర్లించండి. ఒక పూట పోతుంది, ఒక కిలో పళ్ళు కావాలి. ఇది చేసినవాళ్ళే వచ్చే పాఠానికి రండి, అందులో వాక్కాయలు పట్టుకుంటున్నాం, వాటి పులుపు నేరేడుకి ఎన్నో రెట్లు.