ఈస్టర్ బొమ్మలు చేయించే ముందు: చిన్నపిల్లల ముందు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఈస్టర్ బొమ్మలకు కావలసినవి సమకూర్చుకునేటప్పుడే ఖాళీ టిష్యూ రోల్ గొట్టం ఒకటి పక్కన పెట్టుకోండి. కుందేలు చేయడానికి ఎలాగూ కావాలి కదా. దానికి ముందు మాత్రం దానితో ఒక పరీక్ష చేయండి. పిల్లల చేతికి ఇవ్వబోయే ప్రతి వస్తువునూ ఆ గొట్టంలో వేసి చూడండి. అందులో దూరిపోయేది ఏదైనా సరే, మూడేళ్లలోపు పిల్లలున్న చోట ఉండకూడదు. బొమ్మల భద్రతను పరీక్షించేవాళ్లు వాడే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. టిష్యూ గొట్టం దానికంటే కాస్త వెడల్పు, కాబట్టి ఇంట్లో చేసే పరీక్ష ఇంకొంచెం గట్టిది. ఈ విషయంలో గట్టిగా ఉండటమే మంచిది.

ఇలా చూస్తే అతికించే ప్లాస్టిక్ కళ్లు, పూసలు, గుండీలు, కుందేలు తోకకు పెట్టే దూది ఉండలు అన్నీ పక్కకు పోతాయి. పోనివ్వండి. కళ్లు స్కెచ్ పెన్నుతో గీయొచ్చు. తోకకు తెల్ల రంగులో వేలు ముంచి ఒక్క చుక్క పెట్టిస్తే, పిల్లలకు దూది అంటించడం కంటే అదే ఎక్కువ సరదా. ఇంట్లో ఐదేళ్ల అక్క, ఏడాదిన్నర తమ్ముడు ఉంటే తమ్ముడి వయసునే లెక్కలోకి తీసుకోండి. అక్కకు పూసలు కావలసిందేనంటే తమ్ముడు నిద్రపోయినప్పుడు ఇవ్వండి.

కాగితం గుడ్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊదిన బెలూన్ మీద జిగురు రాసిన కాగితం ముక్కలు అంటించి, ఆరాక బెలూన్‌ను పగలగొట్టి తీసేస్తారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ పగిలిన రబ్బరు ముక్క గొంతులోకి పోతే అక్కడి ఆకారానికి తగ్గట్టు సాగి, గాలి దారిని మూసేస్తుంది. ఎంత దగ్గినా బయటికి రావడం కష్టం. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు బెలూన్ ముక్కలు ప్రమాదకరమని బెలూన్ ప్యాకెట్ల మీదే హెచ్చరిక ఉంటుంది. చిన్నపిల్లలతో ఈ పని అసలు పెట్టుకోవద్దనే నేను చెబుతాను. అట్టను గుడ్డు ఆకారంలో కత్తిరించి ఇస్తే, రంగు కాగితాలు చించి అంటించే ఆనందం అంతా అందులోనూ దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది బటన్ బ్యాటరీకి. పళ్లెంలో మట్టి పోసి, యేసు లేచిన ఖాళీ సమాధి కట్టి, పక్కన రాయి దొర్లించి, లోపల వెలుగు కోసం చిన్న ఎల్‌ఈడీ దీపం పెడతారు. ఆ దీపాల్లో చాలావాటి అడుగున నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కున్నప్పుడు అక్కడి తడి వల్ల కరెంటు పారి, చుట్టూ గాఢమైన క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే లోపలి కండ కాలిపోగలదు. దీపం వెలగడం మానేసినా ఆ బ్యాటరీలో ఈ హాని చేసేంత శక్తి మిగిలే ఉంటుంది. కాబట్టి మూతకు స్క్రూ బిగించిన దీపమే కొనండి, లేదా దీపం మానేసి సమాధి లోపల పసుపు కాగితం అంటించండి. మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. కొందరు పిల్లల్లో చొంగ కారడం, తిండి వద్దనడం, దగ్గు కనిపిస్తాయి, కొందరిలో ఏమీ కనిపించవు. వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాయి కూడా పిల్లల పిడికిలి కంటే పెద్దదే ఎంచుకోండి. మట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

ఇక కోడిగుడ్లు. పచ్చిగుడ్డుకు చిల్లు పెట్టి, నోటితో ఊది, సొన బయటికి తీసే పని పిల్లలతో చేయించకండి. పచ్చిగుడ్డులోనూ పెంకు మీదా సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు, నోరు నేరుగా అక్కడే పెట్టాలి. గుడ్డు గట్టిగా ఉడికించి, చల్లారాక ఇవ్వండి. రంగు నీళ్లలో కాస్త వెనిగర్ కలిపితే ఆ పులుపు పెంకులోని సున్నం మీద పనిచేసి రంగు బాగా పడుతుంది. వేడి నీళ్లతో రంగు కలిపేది పెద్దవాళ్లే. గోరువెచ్చగా అయ్యాకే గిన్నె పిల్లల ముందుకు రావాలి.

తినాలనుకునే గుడ్లకు ఫుడ్ కలర్ తప్ప మరొకటి వాడకూడదు. బయట ఉంచేది మొత్తం రెండు గంటలకు మించకూడదు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయాలి. పెంకు పగిలినదీ, పూట పూటంతా బుట్టలో అలంకరణగా ఉన్నదీ తినడానికి పనికిరావు. అలంకరణకు కొన్ని, తినడానికి కొన్ని అని మొదటే విడదీసేస్తే గొడవే ఉండదు. పక్కింటి పిల్లలు కూడా వస్తుంటే, గుడ్డు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో వాళ్ల అమ్మానాన్నలను ముందే అడగండి.

గ్లూ గన్, కట్టర్, పదునైన కత్తెరతో చేసే పనులన్నీ ముందురోజు రాత్రే పూర్తి చేసుకోండి. తక్కువ వేడిదని అమ్మే గ్లూ గన్ జిగురు కూడా చర్మాన్ని కాలుస్తుంది. జిగురు పడి అంటుకుంటే పీకొద్దు, చర్మం కూడా ఊడొస్తుంది. కుళాయి కింద చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు పారనివ్వండి. ఐస్ నేరుగా పెట్టొద్దు, టూత్‌పేస్టూ నూనే రాయొద్దు. పిల్లలకు మొన మొద్దుగా ఉన్న కత్తెర, నీళ్లతో కడిగితే పోయే జిగురు చాలు.

కుందేలు చెవులకు బొచ్చు తీగ వాడితే రెండు కొసలనూ లోపలికి మడిచేయండి, ఆ తీగ మొన కంటికి తగలగలదు. మెరుపు పొడి కంట్లో పడితే నలపనివ్వకుండా నీళ్లతో కడగండి. అసలు ఆ పొడి కొనకపోయినా నష్టం లేదు. ఇంట్లో పిల్లి ఉంటే అలంకరణకు లిల్లీ పూలు తేవద్దు. పుప్పొడి ఒంటికి అంటి, దాన్ని నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి.

గొంతుకు ఏదైనా అడ్డం పడినప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ రాకపోతే, ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. అడ్డం పోకపోతే, ఏడాది దాటిన బిడ్డకు వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన, పక్కటెముకల కింద ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఏడాదిలోపు పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్యలో ఒక చేతి అరచేతి మడమతో నొక్కాలి. వీపు మీద చరచడం, బిడ్డ వయసును బట్టి నొక్కడం మార్చి మార్చి చేస్తుండగానే పక్కవాళ్ల చేత అంబులెన్స్‌కు ఫోన్ చేయించండి. వస్తువు కనబడకుండా నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది.